పాత ఇంటికి కొత్త అప్పు

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేసి చూడమని మాత్రం అనలేదు. వాళ్ళ రోజుల్లో ఆ అవసరం అంతగా రాలేదు కాబోలు. వేసవిలో పెంకులు సర్దించడం, పండక్కి వెల్ల వేయించడం - ఇంటి బాగంటే అంతే. ఏదో ఒక నెల జీతంలో సర్దుకునేవారు. ఇప్పుడు స్నానాల గది ఒక్కటి మార్పిద్దామన్నా మేస్త్రీ నోట లక్ష అన్న మాట ముందు వస్తుంది. అందుచేత నాబోటి ఉద్యోగస్థుడికి ఇంటి మరమ్మత్తు సగం తాపీపని, సగం లెక్కలపని. తాపీపని గురించి సలహాలిచ్చేవాళ్ళు వీధికి పదిమంది వున్నారు. లెక్కల సంగతి ఎవరూ ఎత్తరు గనుక నేను సాహసిస్తున్నాను. కాలేజీలో చెప్పేది తెలుగే అయినా కూడికలూ తీసివేతలూ నాకూ వచ్చు సుమండీ!

మాది తెనాలిలో మా నాన్నగారు 1971లో కట్టించిన ఇల్లు. ముందు హాలు డాబా. వెనక వంటిల్లూ, వసారా పెంకులు. మరుగుదొడ్డి పెరటి చివర. మా అమ్మకు డెబ్భై ఆరేళ్ళు, మోకాళ్ళు వంగవు. రాత్రి రెండుసార్లు ఆ పెరడు దాటి వెళ్ళిరావాలి. వానాకాలంలో మా ఆవిడ టార్చిలైటు పట్టుకుని వెంట నడిచేది. ఈ బాధ ఒకటి తప్పితే చాలునని ఇంజనీరును పిలిపించాం.

ఆయన అంచనా ఏడు లక్షలు తేలింది. పెంకులు దింపి స్లాబు వేయడానికి మూడు లక్షలు, అమ్మ గదిని ఆనుకుని స్నానాల గదికి లక్షన్నర, వైరింగంతా మార్చడానికి 80,000. తక్కిన 1,70,000 వంటింటి అరలకూ, హాల్లో కొత్త టైల్సుకూ. ఆ కాగితం మీద మా ఆవిడా నేనూ ఒక అడ్డగీత గీశాం. గీతకు పైనున్నది ఆగదు, అప్పు చేసైనా చేయాలి. కిందిది మన సొమ్ము చేరినప్పుడే. పైదాని మొత్తం 5,30,000. పాత గోడ పగలగొడితే లోపల ఏం బయటపడుతుందో మేస్త్రీకి కూడా తెలియదు గనుక మరో 75,000 విడిగా పెట్టుకున్నాం. ఈ విడి సొమ్ము లేకుండా పని మొదలుపెట్టినవాళ్ళే సగంలో చేబదుళ్ళకు తిరుగుతారు.

మా దగ్గరున్నది రెండు లక్షల చిల్లర. కావలసిన అప్పు నాలుగు లక్షలు. పాతకాలం ఉద్యోగులైతే ప్రావిడెంటు ఫండులోంచి తీసుకునేవారు. 2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన మాకు కాంట్రిబ్యూటరీ పింఛనే గాని ఆ పాత ఫండు లేదు.

మా అమ్మ మర్నాడే పెట్టె తెరిచి కాసులపేరు తెచ్చి నా ముందు పెట్టింది. "నా కోసం చేసే పనికి నా బంగారమే పెట్టరా" అంది. బంగారం మీద అప్పు సులువుగానే పుడుతుంది. రిజర్వు బాంకు 2025 జూన్‌లో ప్రకటించిన నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. అయిదు లక్షలు దాటితే 75 శాతమే. అయితే అది ఏడాదిలో సొమ్ము చేతికొస్తుందని రూఢిగా తెలిసినవాళ్ళకు అనువైన అప్పు. ఏళ్ళ తరబడి జీతంలోంచి తీర్చుకునేవాడు ఏటేటా తిరగరాయించుకుంటూ పోతే, ఒక ఏడాది తప్పినా నగ వేలానికి పోతుంది. పేరు మళ్ళీ పెట్టెలో పెట్టించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇంతలో ఒక ఫైనాన్సు కంపెనీ ఏజెంటు వచ్చాడు. దస్తావేజులక్కరలేదు, అయిదు లక్షలు అయిదేళ్ళకు, నూటికి పదే వడ్డీ, నెలకు 12,500 అన్నాడు. మనవైపు లెక్కలో నూటికి నెలకు ఎనభై మూడు పైసలు. రూపాయి వడ్డీ కూడా కాదు! ఇక్కడే పాఠకులు కాస్త ఆగాలి. అది ఫ్లాటు వడ్డీ. ప్రతి నెలా అసలు కొంత తీరుస్తున్నా, అయిదేళ్ళూ పూర్తి అయిదు లక్షల మీదే వడ్డీ కట్టిస్తారు. బాంకులు ఇంటి అప్పు మీద వేసినట్టు మిగిలిన బాకీ మీద లెక్కగడితే అది ఏడాదికి 17 శాతం పైచిలుకు. అంటే నూటికి నెలకు రూపాయి నలభై నాలుగు పైసలు. 'వృద్ధి'కి వికృతి 'వడ్డి' అని ప్రతి ఏడూ పిల్లలకు చెబుతూనే వున్నాను. ఏజెంటుగారి దయవల్ల ఆ వృద్ధి ఎవరిదో కూడా చెప్పగలుగుతున్నాను.

చివరకు ఇంటి మరమ్మత్తులకని ఇచ్చే బాంకు అప్పుకే వెళ్ళాం. అక్కడ మొదటి ప్రశ్న, ఇల్లు ఎవరి పేర వున్నదని. నాన్నగారి పేర. ఆయన విల్లు రాయలేదు. స్వార్జితం గనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ, నాకూ, మా చెల్లెలికీ సమాన వాటాలు. ముగ్గురూ సంతకాలు పెడితేగాని దస్తావేజు తాకట్టు చెల్లదు. ఒక బంధువు నన్ను పక్కకు పిలిచి, "ఈ వంకన చెల్లెలి చేత హక్కు విడుదల రాయించుకోవోయ్, పీడా వదులుతుంది" అన్నాడు. పెంకులు కారుతున్నాయన్న మిషతో ఆడపిల్ల వాటా రాయించుకోవడం నాకు బొత్తిగా నచ్చలేదు. హైదరాబాదులో వున్న చెల్లెలికి ఫోను చేసి వున్నది వున్నట్టు చెప్పాను. ఆదివారం వచ్చింది. నేను పెట్టే ఖర్చు రేపు పంపకాలనాడు ఎలా లెక్కకు రావాలో ఒక కాగితం మీద రాసుకుని ముగ్గురం సంతకాలు చేశాం. సోమవారం బాంకులో పెట్టవలసిన సంతకాలూ పెట్టి, రైలెక్కబోతూ, "అన్నయ్యా, అమ్మ స్నానాల గది తలుపు వెడల్పుగా పెట్టించు. రేపు చక్రాల కుర్చీ వస్తే పట్టాలి" అంది. ఆ మాట ఇంజనీరుకు గాని, నాకు గాని తట్టలేదు.

వడ్డీ 9 శాతం. పదిహేనేళ్ళకైతే నెల వాయిదా 4,057, ఏడేళ్ళకైతే 6,436. నెలకు 2,400 మిగులుతుంది గదా అని పదిహేనేళ్ళు ఎంచుకుంటే మొత్తం మీద వడ్డీ 1,90,000 ఎక్కువ కట్టాలి. ఏడేళ్ళే అన్నాం. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినా బాంకు జరిమానా వేయరాదని 2012లోనే రిజర్వు బాంకు ఆదేశించింది గనుక డి.ఏ. బకాయిలు వచ్చినప్పుడల్లా అసలుకు జమకట్టవచ్చు. ఆదాయపు పన్నులో ఊరట వుందని ఆశపడేవారికి ఒక మాట: కాపురముంటున్న ఇంటి మరమ్మత్తు వడ్డీకి పాత పద్ధతిలో ఏడాదికి 30,000 వరకే మినహాయింపు. అసలుకు ఏమీ లేదు. కొత్త పద్ధతిలో రెండూ లేవు.

కంట్రాక్టరు సగం సొమ్ము ముందే అడిగాడు. బాంకే పని చూసి విడతలుగా ఇస్తుంటే మేము మాత్రం ఒకేసారి ఎందుకివ్వాలి? పునాది, స్లాబు, ప్లంబింగు - ఇలా పని పూర్తయినకొద్దీ ఇస్తామనీ, మొత్తంలో పదోవంతు మొదటి పెద్ద వాన కురిసేదాకా మా దగ్గరే వుంటుందనీ కాగితం రాసుకున్నాం. మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. జూలైలో వాన పడింది. వసారా మూల చేటంత మేర చెమ్మ. ఫోను చేసిన మర్నాడే మనుషులతో దిగి సరిచేసి, ఆ పదోవంతు పట్టుకెళ్ళాడు.

విడిగా పెట్టిన 75,000లో 52,000 అయింది. పాత వంటింటి గోడ సగానికి పైగా మట్టితో కట్టినదని పగలగొట్టాకగాని తెలియలేదు మరి. గీతకు కిందున్న వంటింటి అరలు ఇంకా అంచనా కాగితం మీదే వున్నాయి. మా ఆవిడ రికరింగు డిపాజిటు సంక్రాంతికి చేతికొస్తుంది. రంగు ఇప్పుడే ఎంచి పెట్టుకున్నది.