నొప్పి ఆగిన పన్ను

మా అమ్మను కుడి దవడ పన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు. లవంగ నూనెలో ముంచిన దూది పెట్టుకుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు వేసుకుంది. నాలుగో రోజు పొద్దున్నే లేచి "తగ్గిపోయిందిరా, దేవుడి దయ" అంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. ఏడు నెలల తర్వాత అదే పన్ను పక్కన చిగురు మీద శనగగింజంత పొక్కు లేచింది. నొక్కితే చీము. నొప్పి మాత్రం లేదు.

ఆ నాలుగో రోజు పొద్దుటికి పన్నులో నరం చచ్చిపోయింది. నొప్పి ఆగింది అందుకే. ఈ సంగతి అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఏడు నెలలు ఊరుకునేవాళ్ళం కాదు.

పన్ను పైన తెల్లగా కనిపించేది ఎనామెల్. మన ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం లేదు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దాని కింద డెంటిన్ అనే పొర, అందులో కంటికి ఆనని సన్నటి గొట్టాలు వేల కొద్దీ ఉంటాయి. పుచ్చు అక్కడిదాకా దిగాక చల్లనీళ్ళు తాగితే పన్ను జివ్వుమనేది వీటి వల్లే. ఇంకా లోపల, మధ్య గదిలో, మెత్తటి పల్ప్ ఉంటుంది. రక్తనాళాలు, నరాలు, డెంటిన్‌ను తయారుచేసే కణాలు అన్నీ అందులోనే. వాడుకలో మనం 'నరం' అనేది ఈ పల్ప్ మొత్తాన్నీ. వేరు చివరనున్న సూదిమొనంత రంధ్రం గుండానే దీనికి రక్తం అందుతుంది. ఆ రంధ్రం వెడల్పు సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు.

కాలు బెణికితే వాస్తుంది, చర్మం సాగి ఆ వాపుకు చోటిస్తుంది. పల్ప్ వాస్తే సాగేది ఏముంది? చుట్టూ రాతిగోడ. పెరిగిన ఒత్తిడంతా నరాల మీదే పడుతుంది. పడుకుంటే తల వైపు రక్తం ఇంకాస్త ఎక్కువగా చేరుతుంది కాబట్టి ఆ పోటు రాత్రిపూట మరీ భరించలేం. అమ్మ ఆ మూడు రాత్రులూ గోడకు దిండు ఆనించుకుని కూర్చునే ఉంది.

చల్లనీళ్ళకు జివ్వుమని వెంటనే సర్దుకుంటే పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలో ఉందని డాక్టర్లు అంచనా వేస్తారు. పుచ్చు తీసి ఫిల్లింగ్ పెడితే సరిపోవచ్చు. గ్లాసు కింద పెట్టాక కూడా అర నిమిషం దాటి సలుపుతూనే ఉన్నా, ఏమీ తగలకుండానే అర్ధరాత్రి పోటు మొదలైనా పల్ప్ సాధారణంగా తిరిగి బాగుపడదు.

చచ్చిన పల్ప్‌కు రక్తం వెళ్ళదు. యాంటీబయాటిక్ ప్రయాణించేది రక్తంలోనే కాబట్టి, ఎన్ని కోర్సులు వాడినా ఆ మందు పన్ను లోపలికి చేరదు. మన రోగనిరోధక కణాలూ చేరలేవు. బాక్టీరియా నిశ్చింతగా పెరిగి, వేరు చివరి నుంచి ఎముకలోకి దిగుతుంది. శరీరం అక్కడ దానితో పోరాడే క్రమంలో చుట్టూ ఎముక కరిగిపోతుంది. చీము చిగురు మీదికి దారి చేసుకుంటే ఒత్తిడి తగ్గిపోయి నొప్పే తెలియదు. అమ్మ పొక్కు అదే. అందరికీ అంత తేలిగ్గా పోదు. చీము మెడ వైపు దిగి దవడ కింద వాపు, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా ఆ క్షణమే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ఇదంతా చేసేది బాక్టీరియానే అని ఎలా తెలిసింది? 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌గెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల మీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. మామూలు ఎలుకల్నీ, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకల్నీ తీసుకుని, వాటి పళ్ళకు పల్ప్ బయటపడేలా చిల్లులు పెట్టి, మూయకుండా వదిలేశారు. మామూలు ఎలుకల్లో పల్ప్ కుళ్ళి చీము గడ్డలు కట్టాయి. రెండో గుంపులో తిండి ఆ చిల్లులో కూరుకుపోయినా పల్ప్ బతికే ఉంది. పైగా గాయం మీద కొత్త డెంటిన్ వంతెనలా కట్టుకుంది! ఒంటికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉంది, సూక్ష్మజీవుల్ని దూరంగా ఉంచితే చాలు. రూట్ కెనాల్ చికిత్సకు ఆధారం ఈ ఎరుకే.

పొక్కు లేచాక అమ్మకు చేయించిందీ ఆ చికిత్సే. అందులో ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఇన్ఫెక్షన్ ముదిరిన కణజాలం ఆమ్లగుణంతో ఉంటుంది. అక్కడ మత్తుమందు సరిగ్గా పనిచేయదు. 'ఇంజెక్షన్ ఇచ్చినా ప్రాణం పోయింది' అని చెప్పేవాళ్ళ అనుభవం నిజమే. నొప్పి తెలుస్తుంటే చెయ్యెత్తి చెప్పండి, ఇంకో చోట ఇంకో డోసు ఇస్తారు. ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ పలచటి రబ్బరు షీటు బిగించి, పైనుంచి చిన్న ద్వారం తీస్తారు. ముందు పన్నుకు సాధారణంగా ఒకటే కాలువ. పై దవడ పన్నుకు మూడో నాలుగో ఉంటాయి. ఆ నాలుగోది దొరక్కుండా దాక్కుంటుంది, అది మిగిలిపోతే చికిత్స విఫలం కావచ్చు.

కాలువను శుభ్రం చేసే సూదుల్ని ఫైల్స్ అంటారు. అమ్మ పన్నులోకి మొదట దింపినది పది నంబరు ఫైల్, అంటే దాని కొన మందం 0.10 మిల్లీమీటరు. ఊదారంగు పిడి, మీద చిన్న రబ్బరు బిళ్ళ. ఒక యంత్రం తీగకున్న క్లిప్పు పెదవికి తగిలించి, దాని రెండో తీగ ఫైలుకు పెట్టారు. సూది వేరు చివరను సమీపిస్తుంటే యంత్రం బీప్ బీప్ మని తొందర పడింది. విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధాన్ని కొలిచి దూరం చెబుతుందట. ఆ బిళ్ళను పన్ను అంచుకు జరిపి, సూది తీసి స్కేలు మీద పెట్టి పొడవు చూశారు.

కాలువ గోడలన్నిటినీ ఏ సూదీ తాకలేదు. మిగిలిన పని సోడియం హైపోక్లోరైట్ చేస్తుంది. బట్టలకు వాడే బ్లీచ్‌లో ఉండేది ఇదే. చచ్చిన కణజాలాన్ని కరిగిస్తుంది, బాక్టీరియాను చంపుతుంది. తర్వాత ఆ ఖాళీలో గట్టాపర్చా నింపుతారు. దాని పుల్లలు సేమ్యా ముక్కల్లా సన్నగా, గులాబీరంగులో ఉంటాయి. మలయా అడవుల్లోని ఒక చెట్టు పాల నుంచి వచ్చే పదార్థం అది. 19వ శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు నీళ్ళు తగలకుండా దీన్నే తొడిగేవారు. దాన్ని పట్టి ఉంచే సిమెంటుల్లో కొన్నిటిలో యూజినాల్ ఉంటుంది. అమ్మ దూదికి అద్దుకున్న లవంగ నూనెలో ముఖ్యమైన పదార్థమూ అదే. నరాన్ని కాసేపు జోకొట్టడం దానికి తెలుసు, లోపలి బాక్టీరియాను అది చేరలేదు.

పల్ప్ పోయినా పన్ను మొద్దుబారదు. అన్నంలో రాయి తగిలితే ఆ పన్నూ చెబుతుంది. ఆ స్పర్శ వేరును ఎముకకు కట్టి ఉంచే సన్నటి తంతువుల నుంచి వస్తుంది. అయితే పుచ్చుకూ డ్రిల్లుకూ చాలా భాగం పోయి పన్ను బలహీనపడి ఉంటుంది. దవడ పన్నుకు క్యాప్ వేయించకుండా వదిలేస్తే వేరుశనగ పప్పు నములుతుండగా నిలువునా చీలిపోవచ్చు. అలా వేరు దాకా చీలితే ఇక పీకించడమే దారి. డబ్బు ఖర్చని క్యాప్ వాయిదా వేసుకుని, కాపాడుకున్న పన్నును పోగొట్టుకున్నవాళ్ళను చూసి నాకు చాలా బాధ కలిగింది.

అమ్మకు రెండు సిట్టింగుల్లో చికిత్స పూర్తయింది. ఏడాది తర్వాత డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే తీసి పాతదాని పక్కన పెట్టింది. మొదటిదాంట్లో వేరు కొనకు మినపగింజంత నల్లమచ్చ. రెండోదాంట్లో అక్కడ ఎముక మళ్ళీ బూడిదరంగులో అల్లుకుంటోంది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని రెండిటినీ చాలాసేపు చూసింది. తర్వాత నాలుకతో చిగురు తడిమి చూసుకుంది. పొక్కు ఉన్న చోటు ఎక్కడో ఆమెకు దొరకలేదు.