ఆరు పలకల నట్టు

ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 345 మీటర్ల ఎత్తులో ఉంది. పెనుకొండ దాటి హిందూపురం చేరేసరికి ఆ ఎత్తు దాదాపు 620 మీటర్లు అవుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది; కార్బురేటర్ ఇచ్చే పెట్రోలు మాత్రం ఆ మేరకు తగ్గదు. తేడా చిన్నదే, డ్రైవరుకు తెలియకపోవచ్చు. అయినా చెన్నైలో సరిచేయించిన పాత అంబాసిడర్ హిందూపురంలో కాస్త రిచ్‌గా నడుస్తుంది.

కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే రిచ్, ప్లగ్గు మసిబారుతుంది. తక్కువైతే లీన్, యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది.

అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకు బిగించిన ఎస్.యు. కార్బురేటర్ ఇంగ్లండులో చెప్పుల వ్యాపారుల ఇంట పుట్టింది. లిల్లీ అండ్ స్కిన్నర్ కుటుంబానికి చెందిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ 1900ల తొలి ఏళ్లలో దాన్ని రూపొందించాడు. ఇప్పుడు పిస్టన్ ఉన్నచోట మొదట్లో తోలుతిత్తి ఉండేది. ఇంట్లో దొరికే సరుకే మరి! 1926లో ఎస్.యు. కంపెనీ కార్ల తయారీదారు విలియం మోరిస్ చేతికొచ్చింది. ఆయన పేరు పెట్టుకున్న మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే తర్వాత బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ అయింది. 2014 దాకా అక్కడే తయారైంది.

ఇంజను గాలి పీల్చినప్పుడు కార్బురేటర్‌లోని ఈ పిస్టన్ పైకి లేస్తుంది. దాని కింద మొన తేలిన సూది జెట్ అనే రంధ్రంలోంచి పైకి వచ్చి, పెట్రోలుకు దారి ఇస్తుంది. జెట్ కింద ఆరు పలకల నట్టు ఉంటుంది. పైకి తిప్పితే లీన్, కిందికి తిప్పితే రిచ్. మెకానిక్ ఇంజను బాగా వేడెక్కాక ఒక్కో పలక చొప్పున తిప్పుతాడు. తర్వాత పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను మిల్లీమీటరు కూడా దాటకుండా ఎత్తి, చెవి ఒగ్గుతాడు. పిస్టన్ లేస్తే మిశ్రమం పలచబడుతుంది. అందుకే వేగం పెరిగి అలాగే ఉండిపోతే అంతకుముందు రిచ్. ఇంజను ఆగిపోబోతే లీన్. ఒక్క క్షణం కాస్త పెరిగి కుదురుకుంటే సరిపోయినట్టే. మీటరు అక్కర్లేని ఇంత తెలివైన పరీక్ష మోటారు రంగంలో అరుదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా కర్మాగారం నుంచి 2019లో మార్కెట్లోకొచ్చిన సెల్టోస్ పెట్రోలు కారులో ఈ నట్టే లేదు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూసి చెబితే కంప్యూటర్ అప్పటికప్పుడు పెట్రోలు సరిచేస్తుంది.

పాత బండికి ఆ సౌకర్యం లేదు. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలి చాలు. దాంతో పాత సెట్టింగు మీద అంబాసిడర్ లీన్ అవుతుంది. నట్టును కాస్త కిందికి దించాలి, ఇథనాల్‌కు తట్టుకోని పాత రబ్బరు పైపులనూ మార్చాలి.