మునిగి చచ్చే చేప మన చెరువులోనే!

మీకు తెలుసా? మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో పరిగి, హిందూపురం, ఊటీ ఒకే ప్రభుత్వం కింద ఉండేవి. అప్పట్లో తెల్లదొరలకు గాలం సరదా ఎక్కువ. తమ దేశపు ట్రౌట్ చేప కోసం 1863 నుంచే నీలగిరి వాగుల్లో ప్రయత్నాలు మొదలెట్టారు. ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు తెప్పించినవి బతకలేదు. 1907 ప్రాంతంలో అవలాంచి దగ్గర హేచరీ పెట్టాక గానీ రెయిన్‌బో ట్రౌట్ అక్కడ నిలదొక్కుకోలేదు.

మరి మన పెన్న పుట్టిందీ నంది కొండల్లోనే. పరిగి దగ్గర దాన్లో కలిసే జయమంగళి దేవరాయనదుర్గ కొండల బిడ్డ. అయినా ట్రౌట్ ఇటు రాలేదు. కొండ ఉంటే చాలదు, చలి కావాలి. 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. నీరు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కు కష్టకాలమే. పైగా అది పారే నీటి అడుగున గులకరాళ్లు తవ్వి గుడ్లు దాస్తుంది. ఏడాదిలో చాన్నాళ్లు ఇసుకే కనిపించే ఏట్లో దానికేం పని?

ఈ ఎండల్లో నెగ్గుకొచ్చే ఘటం వేరే ఉంది, కొరమీను! మొప్పలు చాలవని తల లోపల గాలి పీల్చే అర ఒకటి పెంచుకుంది. నిమిషాల తేడాతో పైకొచ్చి గుటుక్కున గాలి మింగిపోతుంది. పైకి రానివ్వకుండా వలతో అడ్డుకుంటే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చెరువు ఎండితే తడి బురదలో దూరి వానకోసం కాచుకుంటుంది. సంతలో బేసిన్లో జానెడు నీళ్లలోనూ ప్రాణంతో ఎగిరిపడేది ఇందుకే.

దీని కాపురమూ ముచ్చటే. తుంగ, నాచు పక్కకు నెట్టి చెరువు అంచున గూడు చేస్తుంది. గుడ్లు నీటిపై తేలతాయి. పిల్లలు ఎర్రగా, గుంపుగా తిరుగుతుంటే కింద పెద్ద చేప కాపలా కాస్తుంది.

వానలు పడ్డాక చెరువులో అలాంటి ఎర్రటి గుంపు కనిపిస్తే, ఆ కాపలా చేపకు మాత్రం గాలం వేయకండి. అది పోతే పిల్లలన్నీ మిగతా చేపల పాలే.