ఎండ కడిగే అద్దం

పట్నాల్లో పెద్ద పెద్ద మేడలుంటాయి. కొన్నిటికి గోడల నిండా అద్దాలే. వాటిని తుడిచేదెవరు? మనుషులే. నడుముకు తాడు కట్టుకుని, గాలిలో వేలాడుతూ తుడుస్తారు. తాడు తెగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ పని తగ్గించే అద్దాలు వచ్చాయి. 2001లో ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీ వీటిని అమ్మకానికి పెట్టింది. ఈ అద్దం మీద కంటికి కనపడని పలచని పొర ఉంటుంది. అది టైటానియం డయాక్సైడ్ పొర. పేరు కొత్తగా ఉంది గదా! వస్తువు కొత్తది కాదు. గోడలకు వేసే తెల్లరంగులో ఉండేది ఇదే. మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల నల్ల ఇసుకలో టైటానియం ఖనిజం ఉంది.

1967లో జపానులో, టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఫుజిషిమా అనే విద్యార్థి ఒక వింత చూశాడు. ఈ పదార్థాన్ని నీళ్లలో పెట్టి వెలుతురు పడేట్టు చేశాడు. బుడగలు లేచాయి. వెలుతురు సాయంతో నీళ్లు విడిపోతున్నాయన్నమాట! ఆయన, ఆయన గురువు హోండా కలిసి 1972లో ఈ సంగతి లోకానికి చాటారు.

అద్దం మీది పొరకూ వెలుతురే బలం. ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి తగిలితే పొర మీది జిడ్డు కొంచెం కొంచెంగా విడిపోతుంది. పొర మాత్రం ఖర్చయిపోదు. వాన పడితే నీళ్లు బొట్లు కట్టవు. పలచగా పరుచుకుని మురికితో సహా జారిపోతాయి.

ఈ పొర ఎట్లా వేస్తారు? పరిశోధనశాలల్లో ముందు అద్దాన్ని బాగా కడుగుతారు. జిడ్డు గోడకు సున్నం పట్టదు గదా! ఇక్కడ వేలిముద్ర పడినా చాలు, పొర సరిగా అంటదు. టైటానియం ఉన్న మందును ఆల్కహాల్‌లో కలుపుతారు. అందులో అద్దాన్ని నిలువుగా ముంచి, మెల్లగా పైకి తీస్తారు. గబుక్కున లాగితే పొర మందంగా వస్తుంది. మందం ఎక్కువైతే ఎండిన చెరువు మట్టిలా పగుళ్లిస్తుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. ఆల్కహాల్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది.

ఆరిన పొర పచ్చికుండ లాంటిది. కాల్చాలి. కరెంటు కొలిమిలో 450 నుంచి 500 డిగ్రీల వేడిలో ఉంచుతారు. అప్పుడు పొర అద్దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఎండకు పనిచేసే గుణమూ అప్పుడే వస్తుంది. ఇంకా బాగా వేడి పెంచితే అద్దమే మెత్తబడుతుంది.

ఇంకో చిక్కుంది. అద్దం చేసేటప్పుడు ఇసుకతో పాటు సోడా కూడా వేస్తారు. వేడికి ఆ సోడాలోని సోడియం పైపొరలోకి ఎక్కి దాని పని మందగించేట్టు చేస్తుంది. అందుకని ముందుగా ఇసుక జాతి పదార్థంతో అడ్డుపొర వేస్తారు. ఫ్యాక్టరీల్లో ముంచే పని లేదు. అద్దం వేడిగా ఉండగానే పొరను ఆవిరిగా పట్టిస్తారు.

మరి ఈ అద్దాన్ని అసలు తుడవనక్కరలేదా? అక్కర ఉంది. ఎండా వానా తగలని చోట ఇది మామూలు అద్దమే. వాన లేని కాలంలో పైపుతో నీళ్లు కొట్టాలి. మేడ మీంచి తాడుతో దిగడం తగ్గుతుంది గానీ, పూర్తిగా ఆగదు.