పండుగల యాత్రకు రెండు పంచాంగాలు

ఒక దేశాన్ని దాని పండుగల వేళ చూడాలని బయలుదేరే యాత్రికుడు సాధారణంగా ముందు స్థలాన్ని ఎంచుకొని, ఆ తరువాత తేదీని విచారిస్తాడు. గుంటూరు, ప్రకాశం మైదానాల విషయంలో ఈ క్రమం తలక్రిందులు కావలసి ఉంటుంది. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి గ్రామాలలో ఒకే వీధిలో రెండు పంచాంగాలు నడుస్తాయి. రెండూ చంద్రుని అనుసరించేవే. అయినా ఒకటి ఋతువులను విడవదు, రెండవది వాటిని లక్ష్యపెట్టదు.

పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు; సూర్యుని లెక్కకు 365. ఏటా తగ్గే ఈ 11 రోజులను తెలుగు పంచాంగం పోగుచేసి, సుమారు 32 నెలలకొకసారి అధికమాసంగా కలుపుతుంది. అందుచేత శివరాత్రి ఎన్నడూ ఫిబ్రవరి, మార్చి నెలలను దాటిపోదు. హిజ్రీ సంవత్సరంలో అటువంటి చేర్పు లేదు. పూర్వం అరబ్బులలో ఉండిన నెలలను వెనుకకు జరిపే ఆచారాన్ని దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 37వ ఆయతులో ఖండించింది. కాబట్టి రంజాను, ముహర్రం మాసాలు సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తాయి.

ఈ భేదం వలన ఒక విచిత్రం జరుగుతుంది. విజయదశమి ఆశ్వయుజ శుద్ధ దశమి. ఆషూరా ముహర్రం పదవ తేదీ. రెండు నెలలూ ఒకే అమావాస్య తరువాత మొదలైతే ఈ రెండు పదులూ ప్రక్కప్రక్కనే పడతాయి. 2016లో దసరా అక్టోబరు 11న, ఆషూరా 12న వచ్చాయి. 2017లో సెప్టెంబరు 30, అక్టోబరు 1. మరుసటి ఏడు అధిక జ్యేష్ఠం రాగానే దసరా అక్టోబరు 18కి జరిగింది, ఆషూరా సెప్టెంబరు 21నే ముగిసింది. ఉగాది, రంజాను పండుగల కథ కూడా ఇదే. 2024లో ఏప్రిల్ 9, 11. 2025లో మార్చి 30, 31. 2026లోనూ ఒకే వారం. 2026 అధిక జ్యేష్ఠం తరువాత ఈ జత విడిపోయి, 2027లో ఉగాది ఏప్రిల్ 7కు పోతుంది. రంజాను పండుగ దానికి నాలుగు వారాల ముందే వస్తుంది. రెండు పండుగలనూ ఒకే ప్రయాణంలో చూడగోరువారికి వరుసగా రెండు మూడేళ్ల అవకాశమే ఉంటుంది.

అయితే తేదీలు తెలిసినంత మాత్రాన చాలదు; పొలం సంగతి కూడా తెలియాలి. మిరపకాయ కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. పండిన కాయ చెట్టున ఆగితే రంగు తగ్గుతుంది, ధర పడిపోతుంది. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే బడి మానిన పిల్లలతో సహా ఈ కోతలకు వలస వస్తాయి. గుంటూరు యార్డులో టిక్కీలు కొండలుగా పేరుకొనేదీ ఆ రోజులలోనే. నరసరావుపేట వద్ద కోటప్పకొండ తిరునాళ్లకు ఎత్తైన విద్యుద్దీపాల ప్రభలు కదిలే శివరాత్రి ప్రతి ఏడూ ఈ కోతల నడుమనే వస్తుంది. ఉపవాస మాసం మాత్రం కొన్నేళ్లే అలా వస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో రంజాను మార్చి ఎండలో, కోతల ముమ్మరంలో పడింది. రోజా ఉన్న కూలి మనిషికి ఒక పూట ఆగడమంటే ఆ పూట కూలి పోవడమే. అటువంటి ఇంటికి ఇఫ్తారు చూడబోయే యాత్రికుడు తాను ఎవరి విశ్రాంతి వేళను పంచుకొంటున్నాడో గుర్తెరగడం మర్యాద.

ముహర్రం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఇస్లాంలో పండుగలు రెండే: ఈదుల్ ఫిత్ర్, ఈదుల్ అజ్‌హా. హిజ్రీ 61లో, అనగా క్రీ.శ. 680లో, కర్బలాలో ఇమాం హుసేన్ అమరులైన దినం ఆషూరా. దానిని పీర్ల పండుగ అని తెలుగు పల్లెలు ముచ్చటగా పిలుచుకొన్నా, ఆనాడు శుభాకాంక్షలు చెప్పడం తగదు. పీర్లను ఎత్తడాన్ని ఉలమాలలో అనేకులు అంగీకరించరు. ఎత్తేవారిలో హిందువులు కూడా ఉంటారు. ఈ రెండూ నిజాలే. ఇదే నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ జరుగుతుంది. ఒంగోలు నుంచి దానికి రైలులో సులభంగా వెళ్లవచ్చు.

రైలుకు 60 రోజుల ముందు టిక్కెట్టు తీసుకోవచ్చుగాని, నెలవంక ఒక్క సాయంత్రం ముందుగానే కబురు చెబుతుంది. కనుక ఈదు కోసం వచ్చేవారు తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి.

హిజ్రీ లెక్క పంటకు కుదరదని మొగలు పాలకులకు కూడా తెలిసింది. చాంద్ర సంవత్సరం ప్రకారం శిస్తు అడిగితే కొన్నేళ్లకు కోతకు ముందే అడగవలసి వస్తుంది. అందుకై అక్బరు కాలంలో ఫసలీ పుట్టింది. ఫసల్ అంటే పంట. షాజహాన్ దానిని హిజ్రీ 1046లో, అనగా 1636లో, దక్కనులో ప్రవేశపెట్టినప్పుడు రెండు శకాల అంకె ఒకటే. నేటికీ ఈ జిల్లాల అడంగలులో ఫసలీయే వ్రాస్తారు. 2025 జూలై 1న ఫసలీ 1435 మొదలైంది. దానికి కొద్ది రోజుల ముందే ముహర్రంతో హిజ్రీ 1447 ప్రవేశించింది. ఆ 12 ఏళ్ల తేడా ఏటా మిగిలిన 11 రోజులు కూడినదే.