అంబులెన్స్ దారిలో ఉండగానే

స్ట్రోక్‌లో మెదడులోని పెద్ద రక్తనాళానికి గడ్డ అడ్డుపడితే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అమెరికన్ వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టాడు. గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అంత వ్యవధి ఉంది కదా అని నిదానించడానికి లేదు. మందు ఇచ్చే మేలు మొదటి నిమిషం నుంచే తరుగుతూ వస్తుంది. ఆ నిమిషాల్లో కొన్ని, విచిత్రంగా, రోగి ఆస్పత్రికి చేరాకే వృథా అవుతుంటాయి.

హెల్సింకి విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో 1998లో రోగి గుమ్మం దాటినప్పటి నుంచి సూది పడేదాకా మధ్యస్థంగా 105 నిమిషాలు పట్టేది. 2011కల్లా అది 20 నిమిషాలకు దిగింది. మందు పాతదే. మారిందల్లా పని వరస. అంబులెన్స్ సిబ్బంది దారిలోంచే స్ట్రోక్ డాక్టరుకు ఫోన్ చేసేవారు. పాత రికార్డులు తీయడం, స్కాన్‌కు చెప్పి ఉంచడం, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో, రక్తం పలచబరిచే మాత్రలేమైనా వాడుతున్నారో ఇంట్లోవాళ్లను అడగడం, ఇవన్నీ బండి రోడ్డు మీద ఉండగానే జరిగిపోయేవి. సీటీ యంత్రాన్ని అత్యవసర విభాగంలోకే మార్చారు. రోగిని నేరుగా దాని దగ్గరికే తీసుకెళ్లి, ఆ బల్ల మీదే మందు మొదలుపెట్టేవారు.

ఇంత వేగంలో పొరపాటు జరగదా అన్న సందేహం న్యాయమైనదే. మెదడులో రక్తస్రావమైన వారికి ఈ మందు పడితే ప్రాణం మీదికొస్తుంది. కానీ ఆ తేడాను పట్టే స్కాన్‌ను హెల్సింకి వైద్యులు దాటేయలేదు. దానికి ముందూ వెనకా ఊరికే గడిచిపోయే సమయాన్నే తగ్గించారు. అది హెల్సింకికే సాధ్యమనేవారికి మెల్‌బోర్న్ అనుభవం సగం జవాబే ఇస్తుంది. 2012లో అక్కడి రాయల్ మెల్‌బోర్న్ ఆస్పత్రి ఇదే పద్ధతిని తెచ్చుకుని, కొద్ది నెలల్లోనే పగటి వేళల సమయాన్ని 43 నిమిషాల నుంచి 25కి తగ్గించింది. పనివేళలు దాటాక మాత్రం పెద్ద తేడా రాలేదు. పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు గానీ, రాత్రి డ్యూటీకి మనుషులను ఎవరికి వారే పెట్టుకోవాలి.

రోగిని నేరుగా పెద్దాస్పత్రికే తరలిస్తే పోలేదా అన్నది మరో వాదన. స్పెయిన్‌లోని కాటలోనియాలో నగరాలకు దూరంగా ఉన్న రోగులపై దీన్ని పరీక్షించారు. 2022లో వెలువడిన ఫలితాల్లో, గడ్డను బయటికి తీసే పెద్ద కేంద్రానికి నేరుగా వెళ్లినవారికీ, ముందు దగ్గరి స్ట్రోక్ కేంద్రానికి వెళ్లినవారికీ కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే అక్కడి చిన్న కేంద్రాలకు మందు ఇవ్వడం తెలుసు, పెద్ద కేంద్రాలతో ముందే పొత్తు కుదిరి ఉంది. ఆ ఏర్పాటు లేనిచోట దగ్గరి ఆస్పత్రి అంటే దారిలో మరో మజిలీ మాత్రమే. మన దగ్గర, 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవకు ఫోనూ, బండీ రెండూ ఉన్నాయి. ఆ ఫోన్ అవతలివైపు, ఏ వేళకైనా, సీటీ గదిని సిద్ధం చేయించగల డాక్టరు ఉండాలి.