పొగగొట్టం ఎత్తు పెంచితే పొగ ఎటు పోతుంది?

హైదరాబాద్ శివార్లలో ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఉండేవాళ్లకు వచ్చే సందేహమే ఇది: అంత ఎత్తున వదిలిన పొగ మన ఇంటిదాకా ఎట్లా వస్తుంది? లెక్క వేసి చూద్దాం.

ఓ ఫ్యాక్టరీ బాయిలర్‌లో గంటకు టన్ను బొగ్గు కాలుతోందనుకోండి. అందులో గంధకం అర శాతం, అంటే 5 కిలోలు. అది కాలితే 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. గొంతు మండించే వాయువిది. మన నిబంధనల సూత్రం ప్రకారం ఈ 10 కిలోలకు పొగగొట్టం దాదాపు 28 మీటర్లుంటే చాలు. కాస్త కలిపి 30 మీటర్లు కట్టారనుకుందాం. పదంతస్తుల మేడంత. పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను తీసేసే పరికరం లేని 500 మెగావాట్ల థర్మల్ యూనిట్‌కైతే 275 మీటర్లు కావాలి.

పొగ గాలివాటున సాగుతూ పక్కలకూ, పైకీ కిందికీ విచ్చుకుంటుంది. నడుమ చిక్కగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. దీన్ని లెక్కగట్టే పద్ధతే గాసియన్ ప్లూమ్ మోడల్. గాలి సెకనుకు 2 మీటర్లు వీస్తూ, ఆకాశం మబ్బుగా ఉందనుకుందాం. వేడి పొగ ఇంకాస్త పైకి లేవడాన్ని పక్కన పెడితే, 30 మీటర్ల గొట్టం నుంచి అర కిలోమీటరు లోపే నేలమీద ఘనపు మీటరు గాలికి సుమారు 210 మైక్రోగ్రాములు చేరతాయి. పదడుగుల గది మొత్తానికి 6 మిల్లీగ్రాములు. దేశ ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు. మనది ఆ కాసేపటి లెక్క. గాలి దిశ మారుతుంది కాబట్టి రెంటినీ నేరుగా పోల్చలేం.

గొట్టం 60 మీటర్లయితే? 210 కాస్తా 44కు పడిపోతుంది, కానీ అది పడే చోటు కిలోమీటరు దాటుతుంది. వదిలింది మాత్రం అదే 10 కిలోలు! ఎత్తు పొగను పంచుతుందే తప్ప తగ్గించదు. అందుకే ఎత్తు చూపించి నిశ్చింతగా ఉండమనడం నాకు సమ్మతం కాదు.

మరి చలికాలం రాత్రి ఘాటు ఎందుకెక్కువ? నేల చల్లబడి, దాన్నంటిన గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చని పొర మూతలా పడుతుంది. అప్పుడు ఫ్యాక్టరీల ట్యాంకుల నుంచీ వాల్వుల నుంచీ లీకయ్యే రసాయన ఆవిర్లకు ఎత్తే ఉండదు కాబట్టి అవి బస్తీల్లోనే తిరుగుతాయి. లెక్కలో రాయని లీకును ఏ మోడలూ చూపించలేదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో, పాశమైలారం, బొల్లారంలలో గాలిని కొలిచే కేంద్రాలున్నాయి కదా అంటారా? అవి ఎంత ఉందో చెబుతాయి. ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే మోడల్ కావాలి.

మీ ప్రాంతంలో ఫ్యాక్టరీ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులోనూ ఇవ్వాలి. అడిగి తీసుకోండి. గంటకు ఎన్ని కిలోలు వదులుతారు, ఏ నెలల గాలి లెక్కలు వాడారు, లీకులను కలిపారా లేదా — ఈ మూడూ సభలోనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.